తలెత్తి చూడని పిల్ల

మా ఇంట్లో నన్ను మెచ్చుకోవడానికి ఉన్న మాట ఒకటే. ఈ వయసులో కూడా ఆ మాట గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది.

"మా గుంట తలెత్తి సూడదమ్మా" అనేది మామ్మ, గుమ్మంలోకి ఎవరొచ్చినా. మామ్మంటే మా నాన్నను కన్న తల్లి. గాజులమ్మే మనిషి వచ్చి బుట్ట దింపుకున్నా, చుట్టాల ముసలమ్మ వచ్చి కాళ్లు కడుక్కున్నా, ముందు ఈ మాట చెప్పాకే మిగతా మాటలు. వాళ్లు నా వైపు తిరిగి తలూపేవారు కాబోలు. నేను చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉండేదాన్ని. నిజంగానే తలెత్తేదాన్ని కాదు. ఎత్తినా ఏం లాభం? వాళ్ల మొహాలుండాల్సిన చోట నాకు మసక తప్ప మరోటి కనపడేది కాదు. అందరికీ అలాగే కనపడుతుందని అనుకునేదాన్ని.

శృంగవరపుకోటకి బండి దారిలో, కొండల కింద మా ఊరు. నేను చెప్పేది అరవైల చివరి మాట. అప్పటికి కోటలో బస్సులు తిరుగుతున్నాయి. విజయనగరంలో ఆడపిల్లలు పుస్తకాలు గుండెలకి హత్తుకుని కాలేజీకి పోతున్నారు. మా సావిట్లో రేడియో కూడా ఉంది. కాని అది సావిట్లోనే ఉండేది, మేము లోపలే ఉండేవాళ్లం. మాది ఘోషా ఇల్లు. ఆడవాళ్లు పరాయి మగవాళ్ల కంట పడకూడదు, గొంతు కూడా వాళ్ల చెవిన పడకూడదు. ఊరికెళ్లాలంటే గూడు బండి, దానికి ముందూ వెనకా తెల్ల తెరలు. చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఘోషా అప్పటికే చిరిగి పీలికలైపోయింది. మా ఇంట్లో మాత్రం మామ్మ దానికి మాసికలేసి నిలబెట్టింది. ఆవిడ పంతొమ్మిదో శతాబ్దం చివర పుట్టిన మనిషి. కాపరానికొచ్చేటప్పుడు ఆ శతాబ్దాన్ని మూట కట్టుకుని తెచ్చి, మా లోపలి వాకిట్లో విప్పింది. ఇంకో శతాబ్దం వచ్చి సగం దాటిపోయినా ఆ మూట తీయలేదు.

పెద్దమనిషినయ్యాక నా చదువు మానిపించారు. అప్పట్నుంచి నా రోజులన్నీ ఆ వాకిట్లోనే. పొద్దున్న బియ్యం ఏరడం, మధ్యాహ్నం వత్తులు చేయడం, ఎండాకాలమైతే చింతపండు గింజలు తీయడం, నాన్నకి తమలపాకులు తుడిచి ఈనెలు తీసి పెట్టడం. సాయంత్రం జడ వేయించుకోవడం. వేసుకున్న జడ చూసేవాళ్లెవరూ లేరు, అయినా రోజూ వేయాల్సిందే. మా మనవరాలు ఈ కథలు విని "ఎంత ప్రశాంతంగా ఉండేదో కదా" అంటుంది. ప్రశాంతంగానే ఉండేది, గోలెంలో నిలవ నీళ్లు ఉన్నంత ప్రశాంతంగా. వెళ్లి ఒక నెల్లాళ్లు ఉండి రమ్మనాలనిపిస్తుంది.

మా అమ్మ మంచిది. అందరూ అదే అంటారు, నేనూ కాదనను. నోట్లో నాలుక లేని మనిషిని మా వైపు మంచిదంటారు. నాన్న ఊళ్లో నలుగురికి తగువులు తీర్చే పెద్దమనిషి. ఇంట్లో తల్లి ముందు నిలబడితే మాత్రం తన కాలి బొటనవేలే చూసుకునేవాడు. ఇద్దరి మీదా నాకు కోపం ఉంది. వాళ్లు పోయారు కాబట్టి పోవాల్సిన కోపం కాదది.

రాళ్లు ఏరడంలో మాత్రం నన్ను మించినవాళ్లు లేరు, ఒక్క మామ్మ తప్ప. దగ్గరున్నదేదీ మా ఇద్దరి కళ్లనీ తప్పించుకునేది కాదు. మామ్మ ఆ వయసులో కళ్లద్దాల్లేకుండా సూదిలో దారం ఎక్కించేది. ఎక్కించి, "నా కళ్లు సూడండర్రా" అని సూది పైకెత్తి చూపించేది. ఆవిడకి ఒక కథ కూడా ఉండేది, అది వినీ వినీ మాకు కంఠతా వచ్చేసింది.

"పెళ్లయిన ఏడాది దాకా మీ తాత మొగం ఎలగుంటాదో నానెరగను. నలుగురు మగోళ్లు వాకిట్లోకి వస్తంటే అందులో నా మొగుడెవుడో సెప్పలేకపోయీదాన్ని. అదీ సిగ్గంటే. ఇప్పటి గుంటలకేటున్నాది?"

విన్నవాళ్లు బుగ్గన వేలేసుకునేవారు. ఆ తర్వాత కథ నా మీదకి వచ్చేది. మామ్మ పోలిక వచ్చిందనీ, మనవరాలంటే అలా ఉండాలనీ.

నా సిగ్గు సంగతి ఇది. పెరటి తలుపు దగ్గర ఎవరైనా నిలబడితే, వాళ్లెవరో నాకు తెలిసేది కాదు. చాకలి ఆవిడ అనుకుని మా ఇంట్లోనే ఉండే మేనత్తని "రేవుకి ఎల్లేవా" అని అడిగి ఒకసారి చీవాట్లు తిన్నాను. అప్పట్నుంచి ఎవరొచ్చినా తల దించుకుని, వాళ్లు నోరు విప్పేదాకా ఊరుకునేదాన్ని. గొంతు వింటే మనిషి తెలుస్తుంది. దానికి పెద్ద పేరొచ్చింది. గుడ్డితనానికి గుణం అని పేరు పెట్టి ఊరేగించారు.

ఇదంతా నాకు తెలిసింది ఒక దసరా సెలవుల్లో. అన్న విజయనగరంలో కాలేజీలో చదివేవాడు. నల్లబల్ల మీద అక్షరాలు కనపడడంలేదని ఇంటికి రాస్తే, ఆ వారంలోనే నాన్న వెళ్లి కళ్ల డాక్టరుకి చూపించి అద్దాలు పెట్టించాడు. నల్లటి ఫ్రేము అద్దాలతో అన్న ఇంటికొచ్చాడు. మామ్మ మెటికలు విరిచి "దొరలాగున్నాడు నా మనవడు" అంది. వాడు నూతి దగ్గర మొహం కడుక్కుంటూ అద్దాలు గట్టు మీద పెట్టాడు. నేను ఊరికే, వాడిని ఆట పట్టిద్దామని, తీసి పెట్టుకున్నాను.

మా పెరటి గోడ పైనుంచి కొండ కనపడుతుంది. అప్పటిదాకా నాకది ఎవరో ఉతికి ఆరేయకుండా వదిలేసిన పచ్చ గుడ్డల కుప్ప. అద్దాల్లోంచి చూస్తే దాని మీద చెట్లున్నాయి. ఒక చెట్టూ ఇంకో చెట్టూ వేరువేరుగా ఉన్నాయి. వాటి మధ్యనుంచి ఎర్ర దారి ఒకటి పైకి పోతోంది. ఆ దారిలో తెల్లగా ఏదో కదిలింది, మేక కాబోలు. గోడ మీద కాకి ఉంటే దాని కన్ను కూడా కనపడింది. నాకు ఏడుపొచ్చింది. సంతోషమో, ఇన్నాళ్లూ నన్ను దోచుకున్నారన్న కోపమో, అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు, కోపమే.

లోపలికి పరిగెత్తాను. "మామ్మా, కొండ మీద సెట్లున్నాయి. ఒకోటీ కనిపిస్తన్నాది" అన్నాను.

మామ్మ తమలపాకు మడుస్తోంది. చేతిలో ఆకు వదలకుండా అంది. "ఉంటే నీకేటి, కట్టెలు కొట్టుకొస్తావేటి?"

అందరూ నవ్వారు. అత్త నవ్వింది, అమ్మ పమిట చాటున నవ్వింది, మొహం తుడుచుకుంటూ వచ్చిన అన్న పగలబడి నవ్వాడు. తర్వాత చెయ్యి చాపి "నా అద్దాలిచ్చీ" అన్నాడు. ఇచ్చేశాను. వాళ్లందరూ మళ్లీ మసకలోకి వెళ్లిపోయారు, నవ్వు మాత్రం వినపడుతూనే ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నని అడిగాను, నాకూ అద్దాలు కావాలని. జవాబు మామ్మ చెప్పింది.

"అద్దాలెట్టుకున్న గుంటని ఎవుడు సేసుకుంటాడు? గుడ్డిదని పేరడిపోతాది. గోడ దాటి సూడాల్సిన పనేటున్నాది నీకు? పొయ్యి కనిపిస్తన్నాదా? సేట కనిపిస్తన్నాదా? సాలు."

నాన్న అన్నం కలుపుకున్నాడు. అమ్మ నా మోకాలు నొక్కి "ఊరుకో" అంది. అదే కంటికి కొడుకైతే డాక్టరు, కూతురైతే ఊరుకో. ఆ రోజు నుంచి నా రోజులు నెమ్మదిగా ఉండడం మానేశాయి. బయటికి మాత్రం ఏమీ మారలేదు. తెలియనంత కాలం లోటు లేదు. తెలిసాక గోడ దాకా ఉన్న ప్రతి మసకా నన్ను వెక్కిరించేది. అన్న సెలవులకి వచ్చినప్పుడల్లా వాడి మొహం కన్నా ముందు వాడి అద్దాలకేసి చూసేదాన్ని. వాడు పడుకున్నప్పుడు కూడా దిండు కింద దాచుకునేవాడు, దొంగ ఇంట్లోనే ఉందని తెలిసినట్టు.

ఈలోగా ఒక సంబంధం వచ్చింది. విజయనగరం వైపు వాళ్లు, మాలాగే ఘోషా ఉన్నవాళ్లు. తలెత్తని పిల్ల అన్న పేరు విని వచ్చారట. వాళ్ల ఆడవాళ్లు నన్ను విడిగా చూడడానికి రాకుండా, మా చుట్టాలింట్లో పెళ్లి జరుగుతుంటే అక్కడ చూస్తామన్నారు. అందుకని నన్ను ఆ పెళ్లికి తీసుకెళ్లారు. ఇంట్లోంచి బయటికి కదిలి చాలా కాలమైంది. మా ఇంటి నుంచి రెండు బండ్లు. ఒకదాంట్లో మామ్మ, అత్త. రెండోదాంట్లో అమ్మ, నేను. పెళ్లివారింట్లో పట్టుచీరలు నా చుట్టూ తిరిగాయి, ఎవరో నా గడ్డం పట్టుకుని పైకెత్తారు, ఎవరో మెచ్చుకున్నారు. వాళ్లలో నాకు చూసిన పెళ్లికొడుకు తల్లి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు భోజనాలయ్యాక బయల్దేరాం. పెరటి గుమ్మం నుంచి బండ్ల దాకా రెండు వైపులా దుప్పట్లు పట్టి దారి చేశారు. ఆడవాళ్లందరం ముసుగులేసుకుని ఆ దారిలో నడుస్తున్నాం. అంతలో మామ్మకి తన తమలపాకుల పెట్టె గుర్తొచ్చింది.

"ఒసే, నా పెట్టి మర్సిపోనాను. ఎల్లి అట్టుకొచ్చీ. మన బండి సింతసెట్టు కిందున్నాది."

వెళ్లి వెతికి తెచ్చాను. అప్పటికి దుప్పట్ల దారిలో ఎవరూ లేరు. మామూలుగా అయితే మా గిత్తల మువ్వల చప్పుడు నాకు తెలుసు, దాన్నిబట్టే ఎక్కేదాన్ని. ఆ పూట ఊరేగింపుకని సన్నాయి, డోలు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. చింతచెట్టు కింద తెల్ల తెరల బండి ఉంది. ఎక్కాను. లోపల ముసుగుల్లో ఇద్దరు ఆడవాళ్లు, ఒళ్లో నిద్రపోతున్న పసిపిల్ల. అమ్మ మామ్మ బండి ఎక్కిందనీ, వీళ్లు దారిలో దిగే మా చుట్టాలనీ అనుకున్నాను. వాళ్లు పెళ్లివారింటివాళ్లు నన్ను దారిలో దింపమని ఎక్కించారనుకున్నారు. అడగడం మర్యాద కాదు కదా. పైగా తోలేవాడు ముందే కూర్చున్నాడు, గొంతు వినపడకూడదు. బండి కదిలింది. మామ్మ పెట్టె ఒళ్లో పెట్టుకుని, తల దించుకుని, నేర్పించినట్టే కూర్చున్నాను.

చాలా దూరం పోయాక చక్రాలు నీళ్లలో దిగిన చప్పుడైంది. మా ఊరి దారిలో గెడ్డ లేదు. పక్కనున్నావిడ చెవి దగ్గరికి వంగి గుసగుసగా అడిగాను.

"మనం ఏ ఊరు ఎల్తన్నాం?"

ఆవిడ ముసుగు తీసింది. పెద్దావిడ. నన్ను చూసింది, పెట్టెను చూసింది. "నువ్వెవలమ్మా?" అంది.

ఆ తర్వాత ఆవిడ చేసినదంతా సవ్యంగా చేసింది. అప్పటికే పొద్దు వాలుతోంది, వెనక్కి తిప్పితే చీకటి పడుతుంది. వాళ్ల ఊరు చేరగానే సైకిలిచ్చి మనిషిని మా ఊరు పంపింది. నాకు అన్నం పెట్టి తన పక్కనే పడుకోబెట్టుకుంది. మా ఇంట్లో ఏమైందంటే, అమ్మ నేను మామ్మ బండిలో ఉన్నాననుకుంది, మామ్మ అమ్మ బండిలో ఉన్నాననుకుంది. చింతచెట్టు కింద నుంచి మా బండిని దారి కోసం ముందుకి జరిపారట. ఇంటికి చేరి తెరలెత్తి చూసుకున్నాక గుండెలు బాదుకున్నారు. సైకిలు మనిషి చేరేలోపు ఊరంతా పాకిపోయింది. బండి తోలేవాడితో పోయిందన్నవాళ్లున్నారు. కాలేజీ కుర్రాడెవడో అన్నవాళ్లున్నారు. తలెత్తని పిల్లలే అసలు దొంగలని కూడా ఎవరో అన్నారు.

మర్నాడు పొద్దున్న ఆ పెద్దావిడ తనే తన బండిలో నన్ను తీసుకొచ్చింది. వాకిట్లో చుట్టాల ఆడవాళ్లు గుంపుగా ఉన్నారు. మామ్మ నా దగ్గరికొచ్చి ముందు చేతిలోంచి తమలపాకుల పెట్టె లాక్కుంది. అప్పుడు అడిగింది.

"ఎవుడి కోసం ఎక్కేవే ఆ బండి?"

అన్నం తిన్నావా అనలేదు, భయపడ్డావా అనలేదు. అమ్మ స్తంభం వెనక ఏడుస్తోంది, ముందుకి రాలేదు. మాట్లాడింది ఆ పరాయి మనిషి.

"ఎవుడూ నేడమ్మా, బండి నిండా ఆడోళ్లమే. ఈ పిల్లకి సూపు ఆనదు. నిన్న సందేళ మా పెరట్లో నాను దూరంగా నిలబడితే నన్ను సూసి మామ్మా అని పిలిసింది. ఇంట్లో ఇందరున్నారు, ఎవలూ సూసుకోనేదేటి? అద్దాలెట్టించండి."

మామ్మకి ముందు నుయ్యి వెనక గొయ్యి. పిల్ల గుడ్డిదని ఒప్పుకోవాలి, లేకపోతే చెడ్డదని ఒప్పుకోవాలి. తలెత్తి చూడదని ఇన్నేళ్లు ఊరంతా చెప్పుకున్న మాటకి రెండు దారులే మిగిలాయి. నేను మామ్మ మొహంకేసి చూశాను. అంత దగ్గరగా ఉంది కాబట్టి బాగా కనపడింది. ఆవిడ లెక్క వేసుకుంటోంది.

"ఔనమ్మా" అంది చివరికి. "సిన్నప్పట్నుంచీ దానికి సూపు ఆనదు. మేం ఎరుగుదుం. ఈ సుట్టాల పెళ్లి అయ్యాక డాకటేరికి సూపిద్దామనే ఉన్నాం."

నిజాన్నే అబద్ధంగా వాడుకోవచ్చని ఆ రోజు నేర్చుకున్నాను. నేను కాళ్లా వేళ్లా పడి అడిగినప్పుడు లేని జబ్బు, పరువు పోయేసరికి చిన్నప్పట్నుంచీ ఉంది.

ఆ వారంలోనే విజయనగరం తీసుకెళ్లారు. శృంగవరపుకోట నుంచి టాక్సీ మాట్లాడి, దాని కిటికీలకి దుప్పట్లు కట్టారు. కళ్లు బాగు చేయించడానికి కళ్లకి గంతలు కట్టి తీసుకెళ్లడం లోకంలో ఎక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. డాక్టరు ముసలాయన. దగ్గరవి బాగా కనపడి దూరానివి కనపడకపోవడమే ఈ లోపమనీ, ఇది వంశంలో వస్తుందనీ చెప్పాడు. "ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా ఉందా?" అని నాన్నని అడిగాడు.

"పెద్దోళ్లకెవలికీ నేదండి. మా అమ్మకైతే ఈ వయసులో కూడా అద్దాల్లేకుండా సూదిలో దారం ఎక్కించే సూపు" అన్నాడు నాన్న, కాస్త గర్వంగానే.

డాక్టరు నాన్న వైపు ఒక్క క్షణం చూసి చీటీ రాసిచ్చాడు.

అద్దాలు అన్న తెచ్చిచ్చాడు. ఈసారి నవ్వలేదు. అవి నేను చూడడానికి కాదు, నాకు చూపు లేదని ఊరు చూడడానికి. ఎవరైనా వస్తుంటే మామ్మ "అద్దాలెట్టుకో" అని కేకేసేది. వాళ్లెళ్లిపోగానే "తీసీ" అనేది. నేను తీసేదాన్ని కాదు. రోజూ అదే రగడ. అద్దాలతో మా ఇంటిని మొదటిసారి చూశాను. వాకిలి అవతల అమ్మ జుట్టు నెరిసిపోయి ఉంది. గోడకి అంతటా పెచ్చులూడిపోయి ఉన్నాయి. మామ్మ అరుగు మీద కూర్చుని వీధి తలుపు వైపు కళ్లు చికిలించి, నుదురు ముడతలు పెట్టి చూస్తూ ఉండేది. నా వైపు కూడా దూరం నుంచి అలాగే చూసేది. అది ఎగతాళి అనుకుని నేనూ కళ్లు చికిలించి తిరిగి చూసేదాన్ని. ఆవిడ పట్టించుకునేది కాదు.

సంబంధం వాళ్ల ఆడవాళ్లు ఈసారి ఇంటికే వచ్చారు, బండి సంగతి తేల్చుకోవడానికి. నన్ను అద్దాలతో కూర్చోబెట్టారు. వాళ్లలో ఒకావిడ గుమ్మం దగ్గర నిలబడి చెయ్యెత్తి "ఇయ్యి ఎన్ని వేళ్లు?" అంది. చెప్పాను. "అద్దాలు తీసి సెప్పు" అంది. తీశాను, తెలియలేదన్నాను. అమ్మయ్య అన్నట్టు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మా వాళ్ల మొహాల్లో అంత ఆనందం నేను ఏ పండక్కీ చూడలేదు. వచ్చినవాళ్లు కడుపునిండా తిని వెళ్లిపోయారు. పిల్ల మంచిదేనని ఊరంతా చెప్పారు. సంబంధం మాత్రం మళ్లీ ఎత్తలేదు.

దాంతో ఊళ్లో గుసగుసలు ఆగిపోయాయి. అది అయిన మర్నాడు నేను స్నానానికి వెళ్లి వచ్చేసరికి గూట్లో పెట్టిన అద్దాలు లేవు.

"పనైపోనాది కదేటి" అంది మామ్మ. "ఇంక పెట్టిలో ఉంటాయి. కొత్త సంబంధానికి అద్దాలెట్టుకుని కూకుంటావేటి?" మామ్మ బట్టల పెట్టె తాళం ఆవిడ మొలలో ఉంది.

నాన్నకి చెప్పాను. బొటనవేలు చూసుకున్నాడు. అమ్మ "ఊరుకో" అంది. ఊరుకోలేదు. మర్నాటి నుంచి బియ్యంలో రాళ్లు కనపడుతున్నా వదిలేశాను, ఏరి మళ్లీ కలిపాను కూడా. నాన్న పంటి కింద రాయి కటుక్కుమంది. అత్త తిట్టింది. "నాకు సూపు ఆనదు కదా, ఊరందరికీ మీరే సెప్పేరు" అన్నాను. మామ్మ నా చేట లాక్కుని తనే ఏరడం మొదలెట్టింది. మాటల్లేవు మా ఇద్దరికీ. ఒకే గుమ్మంలో ఎదురుపడితే చెరో పక్కకీ ఒరుసుకుని పోయేవాళ్లం. పెట్టె బద్దలు కొట్టైనా సరే అద్దాలు తీసుకోవాలని నిశ్చయించుకున్నాను. కళ్లు లేకుండా ఆ ఇంట్లో ముసలిదాన్నవడం నాకు చేతకాదు.

ఒక మధ్యాహ్నం, భోజనాలై అందరూ కునుకు తీస్తుండగా, నూరుడు బండ పట్టుకుని మామ్మ గదిలోకి వెళ్లాను. పెట్టె తాళం తీసే ఉంది. మంచం ఖాళీ. పెట్టెలో చెయ్యి పెట్టి వెతికాను, పాత పట్టుచీరల కింద దాకా. అద్దాలు లేవు. బావిలో పడేయడానికి వెళ్లిందని నాకు అనిపించింది. బండ చేత్తోనే పెరట్లోకి పరిగెత్తాను.

మామ్మ రుబ్బురోలు పక్కన, గోడకి ఎదురుగా నిలబడి ఉంది. నా అద్దాలు పెట్టుకుంది. పెట్టుకోవడం రాక ఒక కొక్కెం చెవి మీద కాకుండా జుట్టులో ఇరుక్కుంది, అద్దం జారిపోకుండా చేత్తో పట్టుకుంది. తలెత్తి చూస్తోంది. ఆవిడ మెడ అంత పైకి లేవడం నేనెప్పుడూ చూడలేదు.

నా అడుగుల చప్పుడు ఆవిడకి తెలుసు. వెనక్కి తిరగలేదు.

"కొండ మీద సెట్లున్నాయే" అంది.

ఆ గొంతులో సంతోషం లేదు. ఎవరో తనకి ఇవ్వాల్సింది ఇవ్వకుండా ఎగ్గొట్టినట్టు అంది. నాకు అప్పుడు అన్నీ ఒక్కసారి తెలిశాయి. సూదిలో దారం, చికిలించిన కళ్లు, వాకిట్లోకి వచ్చే నలుగురు మగవాళ్లు. ఆవిడనీ నాలాగే మెచ్చుకున్నారు. మెచ్చుకుని మెచ్చుకుని డెబ్బై ఏళ్లు దాటించారు. ఇంకెవరైనా అయితే కరిగిపోయేవారేమో. నేను ఆవిడ యాసలోనే, ఆవిడ సాగదీసినట్టే సాగదీసి అన్నాను.

"ఉంటే నీకేటి, కట్టెలు కొట్టుకొస్తావేటి?"

మామ్మ అద్దాలు తీసింది. పమిట చెంగుతో రెండు వైపులా తుడిచింది. నా దగ్గరికొచ్చి, బండ లేని చేతిలో పెట్టింది.

"మీ తాత ఆ కొండ వాలున జీడిమామిడి తోట ఏసేడు" అంది. "ఇక్కడ నిలబడి అదిగో సూడు, మన తోట, మొక్కలెంతేసయ్యాయో సూడు అనీవోడు. నాను ఊఁ అనీదాన్ని. ఆయనున్నంత కాలం ఊఁ అన్నాను. ఏ పక్క సూపించీవోడో ఇప్పుడు తెలవదు, ఇంతసేపూ యెతికేను. కనిపించనేదు."

చెప్పి లోపలికి నడిచింది, అరుగు అంచు కాలితో తడుముకుంటూ. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ నా అద్దాలు అడగలేదు. కొత్త సంబంధానికి కూడా అద్దాలతోనే కూర్చున్నాను.

కాని ఆ మధ్యాహ్నం సంగతి చెప్పాలి. అద్దాలు పెట్టుకుని కొండకేసి చూశాను. అడవి చెట్లు ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి. ఎడమ పక్క, ఎర్ర దారికి కాస్త దిగువన, ఒక చోట మాత్రం చెట్లు వరస తప్పకుండా ఉన్నాయి, మనిషి కొలుచుకుని నాటినట్టు. తోట అదే. వెంటనే కనపడింది. మామ్మ ఇంకా పెరటి గుమ్మం దాటలేదు. పిలిస్తే వినపడేది. నేను పిలవలేదు.